చిన్న సెయిల్‌బోటు మునగకుండా, బూజు పట్టకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది హ్యూస్టన్ దగ్గర, బోటు తీసుకెళ్లేది ఎక్కువగా క్లియర్ లేక్, కెమా వైపు. నాది పాత డే సెయిలర్, పదిహేడు అడుగులకి కాస్త తక్కువ, ముందు భాగంలో దూరి కూర్చునేంత చిన్న క్యాబిన్ ఉంటుంది. దీన్ని బాగుచేసుకుంటూ నేర్చుకున్న సంగతులే ఇవి. ఇక్కడ కొత్తగా బోటు కొన్న మనవాళ్లు, అక్కడ హైదరాబాద్‌లో పిల్లల్ని సెయిలింగ్‌కి పంపే ఫ్రెండ్స్ ఫోన్ చేసినప్పుడల్లా అవే ప్రశ్నలు వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ముందే ఒక మాట, ఫ్లోటేషన్ (నీళ్లు నిండినా బోటు తేలేలా లోపల పెట్టే ఫోమ్ లాంటివి) వేరు బూజు వేరు అనుకుని నేను రెండేళ్లు వేస్ట్ చేశాను. నీళ్లు పీల్చిన ఫోమ్ బోటుని తేల్చదు, పైగా బూజుకి కావాల్సిన తడి అదే ఇస్తుంది, కాబట్టి రెండూ కలిపే చదవండి.

ఫ్లోటేషన్ కంపెనీ వాళ్లే పెట్టి ఇస్తారు కదా, మళ్లీ మనం పెట్టడం ఎందుకు?

అందరూ పెట్టరండి. అమెరికాలో ఇరవై అడుగుల లోపు మోటర్ బోట్లకి కోస్ట్ గార్డ్ ఫ్లోటేషన్ రూల్ ఉంది, కానీ ఆ రూల్ నుంచి సెయిల్‌బోట్లకి, కనూలకి, కయాక్‌లకి మినహాయింపు ఇచ్చారు. అంటే మీ సెయిల్‌బోటులో ఫోమ్ ఉందా లేదా, ఉంటే ఎంత ఉంది అన్నది తయారుచేసినవాళ్ల ఇష్టం. కొంతమంది బాగానే పెట్టారు, కానీ నలభై ఏళ్ల కింద పెట్టిన ఫోమ్ ఇప్పుడు ఎలా ఉందో లోపల చూస్తే గానీ తెలియదు.

మన కోస్తాలో తెప్ప గుర్తు తెచ్చుకోండి. దుంగలు పక్కపక్కన పెట్టి తాడుతో కడతారు, అల మీద నుంచి వెళ్లిపోయినా నీళ్లు నిలబడటానికి దానికి లోపల అంటూ ఏమీ లేదు, దుంగే తేలుతుంది. ఫైబర్ బోటు అలా కాదు, అది గిన్నె లాంటిది, ఖాళీగా ఉన్నంతసేపే తేలుతుంది. ఫైబర్ నీళ్ల కంటే బరువు కాబట్టి గిన్నె నిండితే కిందికే. మనం చేసేదల్లా ఆ గిన్నెలో కాస్త తెప్ప గుణం పెట్టడం.

ఎంత ఫోమ్ కావాలో ఎలా లెక్కేయాలి?

భయపడక్కర్లేదు, లీటరు నీళ్లు కిలో బరువు అన్న ఒక్క ముక్క గుర్తుంటే చాలు. నీళ్లలో మునిగిన వస్తువు ఎన్ని లీటర్ల నీళ్లని పక్కకి నెడితే అన్ని కిలోలు తేలికవుతుంది. ఫైబర్ మునిగాక దాని బరువులో సుమారు మూడో వంతు మాత్రమే మిగులుతుంది. అల్యూమినియం అయితే 63 శాతం, ఇనుము 88 శాతం, సీసం 91 శాతం మిగులుతాయి. మామూలు చెక్క తనంతట తనే తేలుతుంది.

నా బోటు లెక్క చెప్తా. ఫిటింగ్స్‌తో కలిపి 260 కిలోలు, దాదాపు అంతా ఫైబరే అనుకుంటే మునిగాక 86 మిగులుతుంది. చిన్న మోటర్ 18 కిలోలు, దానికి 15 వేశాను. లంగరు, చైను, టూల్స్‌కి ఇంకో 13, అక్కడికి 114 అయింది. ఇప్పుడు మనుషులు. లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలో బోటు పట్టుకుని ఉంటే పెద్దగా బరువు పడదు గానీ, నిండిన బోటులోకి ఎక్కి కూర్చుని నీళ్లు తోడాలంటే నడుము పైభాగం బయటే ఉంటుంది కదా, అందుకని మనిషికి 40 కిలోలు వేసుకుంటాను. ఇద్దరికి 80, మొత్తం 194. దానికి ఇంకో పావు వంతు కలిపితే సుమారు 240 లీటర్లు.

షాపులో దొరికే ఎనిమిది బై నాలుగు అడుగుల, రెండంగుళాల మందం ఫోమ్ బోర్డు ఒకటి దాదాపు 150 లీటర్లు ఉంటుంది. రెండు బోర్డులు కొంటే కోతల్లో పోయేది పోగా సరిపోతుంది, రెండూ కలిపి పది కిలోల లోపే. మీ బోటుకి అడుగున ఇనుప కీల్ (బోటు ఒరిగిపోకుండా పెట్టే బరువు) ఉంటే మాత్రం లెక్క చాలా పెరుగుతుంది, కీల్ బరువు విడిగా వేసుకోండి.

థర్మోకోల్ పెడితే చాలదా, చవగ్గా వస్తుంది?

వద్దండి. థర్మోకోల్ అంటే చిన్న చిన్న పూసలు వేడికి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కున్నది, ఆ పూసల మధ్య సందుల్లోకి నీళ్లు మెల్లగా వెళ్తాయి. కొత్తలో బ్రహ్మాండంగా తేలుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ బరువెక్కుతుంది. ఇన్సులేషన్‌కి వాడే ఎక్స్‌పీఎస్ బోర్డు తీసుకోండి, ఇక్కడ హోమ్ డిపోలో పింక్ కలర్‌లో కనిపించేది అదే, ఇండియాలో కూడా మేడ మీద ఎండ ఆపడానికి, కోల్డ్ స్టోరేజీ గోడలకి ఎక్స్‌పీఎస్ షీట్ అనే అమ్ముతారు. ఇది నీళ్లు పీల్చడం చాలా తక్కువ.

ఎక్స్‌పీఎస్‌కి శత్రువులు ఉన్నాయి, పెట్రోల్ పడితే కరిగిపోతుంది, ఫైబర్ పనికి వాడే పాలియెస్టర్ రెసిన్ తగిలినా కరిగిపోతుంది. ఎపాక్సీ అయితే ఏమీ కాదు. కరెంటు వైర్ల మీద ఉండే పీవీసీ తొడుగు కూడా దీన్ని ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే పాడవుతుంది, పెళుసుబారుతుంది, కాబట్టి వైర్లు ఫోమ్‌కి తగలకుండా వేరే ట్యూబులో పంపించండి. పెట్రోల్ ట్యాంక్ పక్కన మాత్రం ఈ బోర్డు అసలు పెట్టకండి.

రెండు డబ్బాలు కలిపి పోసే ఫోమ్ ఈజీ కదా అన్నా, పోస్తే అదే ఉబ్బి మూలమూలలా నిండిపోతుంది?

ఈజీయే, అందుకే అందరూ పోస్తారు, తర్వాత బాధపడేదీ వాళ్లే. నా బోటులో ముందు ఓనరెవరో పోసిన ఫోమ్ తవ్వి తీసింది నేనే కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా. అది పాతిక ముప్ఫై రెట్లు ఉబ్బుతుంది, బయటికి దారి లేకపోతే సీటునే పైకి తన్నేస్తుంది. పోసేటప్పుడు వేడి పుడుతుంది, వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. అవన్నీ జాగ్రత్తగా దాటుకున్నా అసలు కష్టం తర్వాత మొదలవుతుంది, ఫోమ్ ఫైబర్‌కి అతుక్కుపోయి సందు లేకుండా ఉంటుంది కాబట్టి ఎక్కడో ఒక స్క్రూ కంత నుంచి చుక్కచుక్కగా దిగిన నీళ్లకి బయటికి దారి ఉండదు, గాలి తగలదు, ఎండ తగలదు. ఏళ్లకేళ్లు అలా నానితే ఎంత మంచి ఫోమైనా నీళ్లు పీలుస్తుంది.

పాత ఫోమ్ తడిసిపోయిందని తెలిసేదెలా?

బోటుని ట్రైలర్‌తో సహా లారీలు తూచే కాటా మీద పెట్టి, తర్వాత ఖాళీ ట్రైలర్ తూచి తీసేయండి. కంపెనీ చెప్పిన బరువు కంటే బాగా ఎక్కువ వస్తే నీళ్లు ఎక్కడో దాక్కున్నట్టే. అది కుదరకపోతే సీటు కింద కనపడని చోట ఒక రంధ్రం చేసి సన్న పైపు ముక్కతో ఫోమ్‌ని కొద్దిగా తోడి చేత్తో పిండి చూడండి.

నాకు మాత్రం ఇవేవీ చేయకముందే తెలిసొచ్చింది. ఒక ఏప్రిల్‌లో నేనూ మా బావమరిదీ వెళ్లాం, గాలి ఒక్కసారి దిశ మార్చి కొట్టేసరికి బోటు పక్కకి పడిపోయింది. సెంటర్‌బోర్డ్ (బోటు మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) మీద నిలబడి లేపాం, లేచింది, కానీ అంచుల దాకా నీళ్లు. బకెట్‌తో తోడుతున్నాం, తోడుతున్నాం, మావాడు "బావా, ఇవి తగ్గట్లేదు, చూడు ఎక్కణ్ణించో వస్తున్నాయి" అన్నాడు. చూస్తే సెంటర్‌బోర్డ్ దిగే పెట్టె పైఅంచు నీటి మట్టానికి రెండంగుళాలు కిందుంది, మేం తోడిన ప్రతి బకెట్‌కీ చెరువు ఇంకో బకెట్ లోపల పోస్తోంది. అదృష్టం కొద్దీ వేరే బోటువాళ్లు వచ్చి తాడేసి లాగారు. మర్నాడు సీటు కోసి చూస్తే లోపల ఫోమ్ గోధుమ రంగులో, తడి స్పాంజిలా, ముక్కిపోయిన బియ్యం వాసన. ముక్కలు తీసి ఇంటి దగ్గర తూస్తే 31 కిలోలు వచ్చాయి. మమ్మల్ని తేల్చాల్సిన ఫోమ్ అది.

ఎక్కడ పెట్టాలి?

పైన, పక్కలకి. అడుగున పెట్టకండి. తేలే వస్తువు కింద ఉంటే నిండిన బోటుని తలకిందులు చేయడానికి చూస్తుంది, పైన రెండు పక్కలా ఉంటే నిటారుగా పట్టి ఉంచుతుంది. కాబట్టి సైడ్ డెక్ కింద, సీట్ల కింద పైభాగంలో పెట్టండి. ముందూ వెనకా కూడా సమానంగా చూసుకోండి, మొత్తం ముందే పెడితే వెనక మోటర్ బరువుకి బోటు తోక మీద నిలబడుతుంది.

అడుగున వద్దనడానికి రెండో కారణం బూజు. బోటులో ఏ నీళ్లైనా చేరేది అడుక్కే. అక్కడ ఫోమ్ ఉంటే ఎప్పుడూ తడిలోనే ఉంటుంది. పైన పెట్టినప్పుడు కూడా ఫోమ్‌కి ఫైబర్‌కి మధ్య వేలు దూరేంత సందు వదలండి, నేను అంగుళం మందం ప్లాస్టిక్ ముక్కలు మధ్యలో పెట్టాను. నీళ్లు కిందికి జారాలి, గాలి చుట్టూ తిరగాలి.

సెంటర్‌బోర్డ్ పెట్టె సంగతి పైన చెప్పాను కదా, మీ బోటుకి అది ఉంటే ఫోమ్ ఎంత అన్నదానికి అసలు కొలత అదే, నిండినప్పుడు కూడా పెట్టె పైఅంచు నీళ్ల పైన ఉండాలి. ఒకవేళ ఉండకపోతే పాత తువ్వాలు ఆ చీలికలో కుక్కి తోడండి, అందుకని ఒక తువ్వాలు బోటులో ఎప్పుడూ ఉంచుతాను.

ఎలా బిగించాలి, గమ్ చాలా?

గమ్ ఒక్కదాన్నే నమ్మకండి. 50 లీటర్ల ఫోమ్ మునిగితే 50 కిలోల దాకా పైకి తోస్తుంది, అంటే ఒక మనిషి కింద నుంచి భుజంతో తోసినట్టు. వెడల్పాటి నైలాన్ పట్టీలు వేసి, పట్టీ కొసల్ని ఫైబర్‌కి బోల్టులతో, వెనక పెద్ద వాషర్లతో బిగించండి, ఊరికే స్క్రూ వేస్తే ఊడొస్తుంది. కాంటాక్ట్ గమ్ లాంటివి ఎక్స్‌పీఎస్‌ని తినేస్తాయి, డబ్బా మీద ఫోమ్‌కి వాడొచ్చు అని ఉంటేనే తీసుకోండి.

కూల్‌డ్రింక్ సీసాలు, స్విమ్మింగ్ పూల్ నూడుల్స్ (ఈతకి పట్టుకునే పొడవాటి ఫోమ్ కర్రలు) పెట్టొచ్చా?

సీసాలు నాకు చాలా ఇష్టం. రెండు లీటర్ల సీసా రెండు కిలోలు తేలుస్తుంది, నీళ్లు పీల్చదు, బూజు పట్టదు, చూడగానే బాగుందో లేదో తెలుస్తుంది. మంచినీళ్ల సీసాలు పల్చన, కూల్‌డ్రింక్ సీసాలే తీసుకోండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మూత గట్టిగా బిగించి, వలలో వేసి, వలని పట్టీలతో కట్టాలి. గుండ్రంగా ఉంటాయి కాబట్టి మధ్యలో ఖాళీలు పోతాయి, చోటు ఎక్కువ కావాలి, కానీ ఆ ఖాళీల్లోంచే గాలి ఆడుతుంది, మనకి కావాల్సిందీ అదే. సీటు కింద మూసి ఉన్న ట్యాంకులు ఉంటే అవే చాలనుకోకండి, గుండ్రటి మూత రబ్బరు పాతబడితే ట్యాంకు నిండిపోతుంది, లోపల సీసాలు పేర్చి ఉంటే అప్పుడు కూడా బతికిపోతారు. నాకు ఫోమ్ పట్టని వెనక మూలల్లో సీసాలే ఉన్నాయి.

నూడుల్ ఒకటి నాలుగు, నాలుగున్నర లీటర్లు వస్తుంది. నా లెక్కకి యాభై, అరవై దాకా కావాలి. సందుల్లో దూర్చడానికి బాగుంటాయి, అంతే.

వారం వారం తుడుస్తున్నా బూజు మళ్లీ వస్తోంది, ఏం కొట్టాలి?

ఏం కొట్టాలి అని కాదండి, తడి ఎక్కణ్ణించి వస్తోంది అని చూడాలి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు, పైన బూజు తీసేసి మళ్లీ తడి గరిటే పెడితే మళ్లీ అదే. గాలిలో చెమ్మ 60 శాతం దాటితే బూజుకి పండగ, హ్యూస్టన్‌లో వేసవి పొద్దున్న 90 కూడా చూస్తాం. మూసిన క్యాబిన్‌లో పగలు వేడెక్కిన గాలి రాత్రి చల్లబడిన డెక్ కిందభాగానికి తగిలి చుక్కలుగా కడుతుంది, పొద్దున్నే చెయ్యి పెట్టి చూడండి, వాన లేకపోయినా తడి ఉంటుంది.

కాబట్టి వరసగా ఇవి. ట్రైలర్ ముక్కు పైకెత్తి అడుగు బిరడా తీసేయండి, తీసిన బిరడాని చుక్కాని పిడికి కట్టేయండి, లేకపోతే అది పెట్టకుండానే నీళ్లలోకి దింపేస్తారు. లోపలి మూతలన్నీ తెరిచి ఉంచండి. గాలికి ఒక్క కన్నం చాలదు, లోపలికి ఒకటి బయటికి ఒకటి, ఒకటి కింద ఒకటి పైన ఉంటే ఇంకా మంచిది. సోలార్ ఫ్యాన్ పెట్టుకుంటే పగలంతా అదే లాగేస్తుంది. కవర్ డెక్ మీద పడుకోబెట్టకండి, మధ్యలో కర్ర పెట్టి గుడారంలా లేపి రెండు చివరలా తెరిచి ఉంచండి. మా కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల ఓనర్ల సంఘం) ఇంటి ముందు బోటు ఉంచనివ్వదు కాబట్టి నాది స్టోరేజ్ యార్డ్‌లో ఉంటుంది, కరెంటు లేదు, అయినా ఇవి చేశాక వాసన పోయింది.

బ్లీచ్ వాడొచ్చా?

ఫైబర్ మీద, గట్టి ప్లాస్టిక్ మీద వాడొచ్చు. నాలుగు లీటర్ల నీళ్లకి ఒక కప్పు, అంతకు మించి వద్దు. ముందు సబ్బు నీళ్లతో కడిగి మురికి తీసేశాకే బ్లీచ్. చెక్కకి, గుడ్డకి, ఫోమ్‌కి వద్దు, పైన తెల్లగా చేస్తుంది గానీ లోపలికి దిగిన బూజుని అందుకోలేదు. చెక్కకి నేను తెల్ల వెనిగర్ వాడతాను, ఆరాక బోరాక్స్ నీళ్లు పూస్తాను. బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ, అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ లాంటివాటితో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది, చిన్న క్యాబిన్‌లో అయితే ఇంకా ప్రమాదం.

ఎండిన బూజుని పొడి బ్రష్‌తో రుద్దకండి, పొడి అంతా గాల్లోకి లేచి మీ ముక్కులోకే వస్తుంది. ముందు తడిపి, ఎన్95 మాస్క్ పెట్టుకుని, తడిగుడ్డతో తుడవండి. చచ్చిన బూజు కూడా అలర్జీ తెప్పిస్తుంది కాబట్టి చంపి వదిలేయడం కాదు, తీసేయాలి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లని ఆ రోజు బోటు దగ్గరికి తీసుకురాకండి.

తెరచాప మీద నల్ల చుక్కలు వచ్చాయి, పోతాయా?

పూర్తిగా పోవు. డాక్రాన్ (పాలియెస్టర్ గుడ్డ) తెరచాప అయితే పెద్ద టబ్‌లో ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపిన నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తేలిగ్గా రుద్ది, బాగా కడగండి. నైలాన్ తెరచాపకి క్లోరిన్ బ్లీచ్ తగలనివ్వకండి, దారం బలం పోతుంది. వాషింగ్ మెషీన్ వద్దు. మరక మిగిలినా తెరచాప బలం తగ్గదు, దిగులుపడకండి. తడి ఆరకుండా మడత పెట్టకపోవడమే మందు, మా ఆవిడ గ్యారేజీలో చీరలారేసినట్టు ఒక తాడు కట్టింది, ఇంటికి రాగానే తెరచాప దానిమీదే.

కుషన్లు, లైఫ్ జాకెట్లు?

కుషన్లు బోటులో వదలకండి. ఉప్పునీళ్లలో తిరిగితే మంచినీళ్లతో కడగాలి, ఉప్పు మిగిలితే గాల్లో చెమ్మంతా లాక్కుని ఎప్పటికీ ఆరదు, మన ఇంట్లో వానాకాలం ఉప్పు డబ్బా చూస్తే తెలుస్తుంది. తడిసినదేదైనా ఒకటి రెండు రోజుల్లో ఆరిపోవాలి, ఆలోపు ఆరితే బూజుకి చాన్స్ ఉండదు.

లైఫ్ జాకెట్‌కి బ్లీచ్, డ్రయ్యర్ రెండూ వద్దు. తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరేయండి. గుడ్డ చిరిగినా, లోపలి ఫోమ్ గట్టిపడినా పారేయండి, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. టెక్సస్‌లో 26 అడుగుల లోపు బోటు నడుస్తున్నప్పుడు 13 ఏళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలని చట్టం. మా బోటులో పెద్దవాళ్లమూ వేసుకుంటాం. ఫోమ్ ఎంత పెట్టినా అది జాకెట్‌కి బదులు కాదు.

చెమ్మ పీల్చే డబ్బాలు పనిచేస్తాయా?

కాల్షియం క్లోరైడ్ డబ్బాలే కదా, మూసిన చిన్న చోటులో కొంత పనిచేస్తాయి. గాలి ఆడేలా తెరిచి పెట్టి ఇవీ పెడితే ఊరంతా చెమ్మ పీల్చమన్నట్టే, ఏదో ఒకటి చేయండి. ట్రైలర్ కదిలేముందు తీసేయడం మర్చిపోవద్దు, కింద చేరిన ఉప్పునీరు ఒలికితే అల్యూమినియంని తినేస్తుంది.

మాది హైదరాబాద్, మా అమ్మాయి హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ నడుపుతుంది. మాకేం వర్తిస్తాయి?

ఆప్టిమిస్ట్ అంటే పిల్లలు ఒక్కరే నడిపే చిన్న సెయిల్‌బోటు, దానికి క్యాబిన్ లేదు కాబట్టి సగం తలనొప్పి లేదు. ఫ్లోటేషన్ అంతా మూడు గాలి సంచులే, అందుకే నీళ్లలోకి దిగేముందు మూడూ నొక్కి చూడటం పాపకే అలవాటు చేయండి, పట్టీలు కూడా లాగి చూడాలి, పట్టీ వదులైతే సంచి పైకొచ్చేసి బోటు కిందికెళ్తుంది. ఎండలో ఆపినప్పుడు కొంచెం గాలి తీసేయండి, లేకపోతే ఉబ్బి అతుకు విడిపోతుంది. మీ దగ్గర మంచి గాలి వచ్చేదే వానాకాలంలో, హైదరాబాద్ సెయిలింగ్ వీక్ లాంటివి కూడా ఆ రోజుల్లోనే పెడతారు, అంటే బోట్లు ఎక్కువ తిరిగేదీ ఏదీ ఆరనిదీ ఒకే టైమ్. కవర్ వేసే ముందు సంచుల వెనక, పట్టీల కింద గుడ్డతో తుడవండి, చెరువు నీళ్లు శుభ్రమైనవి కావు కాబట్టి పంపు నీళ్లతో కడిగాకే. వైజాగ్ వాళ్లకి ఉప్పుగాలి అదనం, అక్కడ బోటు వాడకపోయినా కడగాలి.

అంతా అయ్యాక నిజంగా తేలుతుందని ఎలా నమ్మాలి?

ముంచి చూడాలి. గాలి లేని రోజు, నడుము లోతు నీళ్లలో, మోటర్ విప్పేసి దాని బదులు అంతే బరువు ఇనుము కట్టి, బకెట్లతో అంచుదాకా నింపండి. ఏ వైపు ఒరుగుతోంది, ముక్కు దిగుతోందా వెనక దిగుతోందా చూడండి, ఆ వైపు ఫోమ్ పెంచండి. మేం గత మే నెలలో చేశాం, పిల్లలు కూడా బకెట్లు పట్టారు. మొదటిసారి వెనక ఎడమవైపు దిగింది, ఇంకో పన్నెండు సీసాలు కట్టి మళ్లీ నింపాం. నేనూ మా బావమరిదీ ఎక్కి కూర్చున్నాం, నీళ్లు ఒడిదాకా ఉన్నాయి, బోటు నిలబడే ఉంది. వాడు వంగి సెంటర్‌బోర్డ్ పెట్టె పక్కన వేళ్లు పెట్టి చూశాడు, పైఅంచు నీళ్ల మీద రెండు వేళ్ల ఎత్తులో ఉంది. ఇద్దరం తోడటం మొదలుపెట్టాం, ఈసారి నీళ్లు తగ్గాయి.